నింద వేడిది, తప్పు తొందరది

కారు వెనక బంపర్ కింద కనిపించే సైలెన్సర్ గొట్టం కొసకు రంగు వేయిద్దామనుకుంటున్నానని ఎవరైనా అంటే చాలు, నాలుగు వైపుల నుంచీ నాలుగు హెచ్చరికలు వస్తాయి. ఆ వేడికి ఏ రంగూ వారం నిలవదని మెకానిక్ తేల్చేస్తాడు. మోడిఫికేషన్ కేసు రాస్తారని ఇంట్లో పెద్దవాళ్లు భయపెడతారు. ఇంజిన్‌కు చేటు, మైలేజీ పడిపోతుందని పక్కింటాయన అంటాడు. రంగుతో పనేమిటి, మెరిసే కొత్త టిప్ తగిలిస్తాను రమ్మంటాడు యాక్సెసరీల దుకాణదారు. ఇంతమంది అంటున్నారంటే నిజమే అయ్యుంటుందని కారు యజమాని సర్దుకుపోతాడు. మరకలు పట్టిన గొట్టాన్ని అలాగే వదిలేస్తాడు, లేదంటే అవసరం లేని వస్తువు కొనుక్కుంటాడు.

ఈ నాలుగు హెచ్చరికల్లో ఒక్కటీ పరీక్షకు నిలబడదు. సైలెన్సర్ కొసలకు వేసిన రంగులు ఊడిపోతున్న మాట వాస్తవమే. పెచ్చులు లేచిన గొట్టాలు ఏ పార్కింగ్‌లో చూసినా కనిపిస్తాయి. కానీ ఆ నేరం వేడిది కాదు. సరైన రంగు ఎంచుకోకుండా, లోహాన్ని సిద్ధం చేయకుండా, వేసిన రంగును పక్వానికి రానివ్వకుండా పని ముగించేసే తొందరది. పని చెడగొట్టినవాళ్లు నిందను వేడి మీదకు నెట్టారు. విన్నవాళ్లు నమ్మారు. ఆ నమ్మకం ఎంత గట్టిపడిందంటే, పద్ధతిగా చేస్తే ఏళ్ల తరబడి నిలిచే ఒక చిన్న పని అసాధ్యమైన పనిగా పేరు పడిపోయింది.

ముందుగా ఆ వేడి సంగతే చూద్దాం. పెట్రోలు ఇంజిన్ నుంచి పొగ బయటికొచ్చే మొదటి భాగం, అంటే మానిఫోల్డ్, బండి గట్టిగా లాగుతున్నప్పుడు 600 నుంచి 900 డిగ్రీల సెల్సియస్ దాకా చూస్తుంది. ఎర్రగా కాలిన మానిఫోల్డ్‌ల ఫొటోలు చూసినవారికి గొట్టం మొత్తం అలాగే ఉంటుందన్న అభిప్రాయం కలగడం సహజం. అయితే ఆ పొగ అక్కడి నుంచి క్యాటలిటిక్ కన్వర్టర్ గుండా, బండి పొడవునా సాగే గొట్టం గుండా, సైలెన్సర్ డబ్బాల గుండా ప్రయాణించి వెనక కొసకు చేరేసరికి తన వేడిలో అధిక భాగాన్ని దారి పొడవునా వదిలేస్తుంది. కింద నుంచి గాలి ఆ గొట్టాన్ని ఎప్పుడూ చల్లబరుస్తూనే ఉంటుంది. మామూలు ప్రయాణాల్లో చాలా కార్ల గొట్టం కొస 100, 200 డిగ్రీల దరిదాపుల్లోనే ఉంటుంది. ఘాట్ రోడ్డు మీద నిండు బరువుతో ఎక్కుతున్నప్పుడు, హైవే మీద చాలాసేపు వేగంగా పోతున్నప్పుడు ఇంకాస్త పెరుగుతుంది. చెయ్యి పెడితే కాలుతుంది, నిజమే. కానీ చర్మం కాలడానికి 60, 70 డిగ్రీలు సరిపోతాయి. చెయ్యి కాలింది కాబట్టి రంగు మాడిపోతుందన్నది లెక్క తప్పిన వాదన.

ఇందుకు థర్మామీటర్ కూడా అక్కర్లేదు. రుజువు గొట్టం మీదే ఉంటుంది. స్టెయిన్‌లెస్ స్టీలును గాలిలో వేడి చేస్తే దాని రంగు ఒక క్రమంలో మారుతుంది. సుమారు 290 డిగ్రీల దగ్గర లేత పసుపు జాడ కనిపిస్తుంది. 390 దగ్గర గోధుమ రంగు, 450 దగ్గర ఊదా, 540 దాటితే నీలం వస్తాయి. మోటారు సైకిల్ ఇంజిన్‌ను ఆనుకుని ఉండే గొట్టం వంపు బంగారు రంగులోకి, నీలంలోకి తిరగడం అందరూ చూసిందే. అక్కడ వేడి ఆ స్థాయికి చేరుతోందని ఆ రంగే చెబుతోంది. ఇప్పుడు కారు వెనక్కు వెళ్లి వంగి చూడండి. అయిదేళ్లు, పదేళ్లు తిరిగిన కార్ల స్టీలు కొసల మీద కూడా మసి, నీటి మరకలు, చుక్కలు చుక్కలుగా తుప్పు కనిపిస్తాయి. నీలం ఛాయ మాత్రం చాలా అరుదు. ఆ కొస 540 డిగ్రీల దరిదాపులకు చేరనేలేదని ఆ లోహమే సాక్ష్యం చెబుతోంది.

ఇక రంగు సంగతి. తలుపులకు, కిటికీ ఊచలకు వేసే మామూలు ఎనామెల్ రంగులు 100 డిగ్రీలు దాటితే ఇబ్బంది పడతాయి. వాటిలోని జిగురు పదార్థం కర్బన గొలుసులతో అల్లుకున్నది. వేడికి ఆ గొలుసులు తెగుతాయి, రంగు పసుపెక్కి పెళుసుబారుతుంది. అందుకే వేడి తట్టుకునే రంగుల్లో సిలికోన్ రెసిన్ వాడతారు. అందులో వెన్నెముక సిలికాన్, ఆక్సిజన్ పరమాణువుల బంధం. కర్బన పరమాణువుల మధ్య బంధంతో పోలిస్తే దాన్ని తెంపడానికి ఎక్కువ శక్తి కావాలి. రంగునిచ్చే పొడి కూడా వేరే. మామూలు రంగుల్లోని సేంద్రియ వర్ణకాలు వేడికి వెలిసిపోతాయి కాబట్టి, వీటిలో లోహ ఆక్సైడ్లు, అల్యూమినియం రేకుల పొడి వాడతారు. ఇదేమీ నిన్నమొన్నటి ప్రయోగం కాదు. బాయిలర్లకు, ఫ్యాక్టరీల పొగగొట్టాలకు కొట్టే వెండి రంగు ఇలాంటి అవసరం కోసమే పుట్టింది. రైస్ మిల్లు పొగగొట్టం మీద నిలిచే రంగు కారు గొట్టం కొస మీద నిలవదని వాదించేవారు ముందు ఆ గొట్టం వంక చూసి మాట్లాడాలి.

అమెరికాలో కార్ల గొట్టాల కోసమే అమ్మే వీహెచ్‌టీ ఫ్లేమ్‌ప్రూఫ్ లాంటి స్ప్రే రంగు తాత్కాలికంగా 1,000 డిగ్రీల పైచిలుకు వేడిని కూడా తట్టుకుంటుందని కంపెనీ చెబుతుంది. రస్ట్‌ఓలియం హై హీట్ రకం 650 డిగ్రీల దాకా ఓర్చుకుంటుందని డబ్బా మీదే రాసి ఉంటుంది. రెండొందల డిగ్రీల చోటుకు ఇది అవసరానికి మించిన రక్షణ. మరి ఇంత ఖరీదైన రంగు కూడా ఎందుకు ఊడిపోతోంది? ఈ ప్రశ్నకు జవాబు ప్రచారంలో ఉన్న అభిప్రాయాన్ని తలకిందులు చేస్తుంది.

ఇలాంటి ఎక్కువ డిగ్రీల సిలికోన్ రంగులు ఆరినంత మాత్రాన గట్టిపడవు. వాటిని వేడిపెట్టాలి. వీహెచ్‌టీ తన డబ్బా మీద ఇచ్చిన పద్ధతి ప్రకారం మొదట 121 డిగ్రీల దగ్గర 30 నిమిషాలు, చల్లారాక 204 డిగ్రీల దగ్గర మరో 30 నిమిషాలు, మళ్లీ చల్లారాక 316 డిగ్రీల దగ్గర ఇంకో 30 నిమిషాలు ఉంచాలి. అప్పుడే రెసిన్ అణువులు ఒకదానితో ఒకటి అల్లుకుని లోహాన్ని గట్టిగా పట్టుకుంటాయి. అంతవరకు ఆ రంగు పైకి ఆరినట్టు కనిపిస్తుంది కానీ గోరు గీస్తే లేస్తుంది, పెట్రోలు చుక్క పడితే కరుగుతుంది. మానిఫోల్డ్‌కు వేసిన రంగు నాలుగు రోజులు బండి తిప్పితే తనంత తానే పక్వానికి వస్తుంది. గొట్టం కొసకు అంత వేడి అందదు. అంటే ఈ రంగు కొస మీద నిలవకపోవడానికి కారణం వేడి ఎక్కువ కావడం కాదు, తక్కువ కావడం. దీన్ని అర్థం చేసుకోని పనివాడు ఎంత ఖరీదైన డబ్బా తెచ్చినా ఫలితం ఒక్కటే.

ఊడిన రంగు పెచ్చును ఒకదాన్ని చేతిలోకి తీసుకుని వెనక్కు తిప్పి చూస్తే అసలు కథ తెలుస్తుంది. రంగు మాడిపోయి ఉంటే పెచ్చు బూడిదబారి, పొడిపొడిగా రాలాలి. అలా రాలడం దాదాపు ఎక్కడా కనిపించదు. పెచ్చు పై వైపు నల్లగా, నునుపుగా, చెక్కు చెదరకుండా ఉంటుంది. అడుగు వైపు జిడ్డు మసి పొర అంటుకుని ఉంటుంది, లేదా గొట్టం మెరుపు అచ్చు పడినట్టు అద్దంలా నున్నగా ఉంటుంది. మసి అంటుకుని ఉంటే రంగు లోహానికి కాక మసికి పట్టుకుందన్నమాట. అద్దంలా ఉంటే గరుకు చేయకుండానే రంగు కొట్టారన్నమాట. రెండింటిలోనూ వేడి ప్రమేయం లేదు.

మెరిసే కొస అంటే సాధారణంగా క్రోమ్ పూత గానీ, పాలిష్ పట్టిన స్టెయిన్‌లెస్ స్టీలు గానీ. రెండూ రంగును దగ్గరికి రానివ్వని ఉపరితలాలే. అలంకారం కోసం వేసే క్రోమ్ పూత మందం చాలాసార్లు ఒక మైక్రాన్ కూడా ఉండదు. దాని కింద నికెల్ పొర ఉంటుంది. ఆ క్రోమ్ ముఖం గాజులా నున్నన. స్టెయిన్‌లెస్ స్టీలుది ఇంకో స్వభావం. అందులోని క్రోమియం గాలి తగలగానే కంటికి కనిపించని ఆక్సైడ్ పొర కట్టుకుంటుంది. ఆ లోహం తుప్పు పట్టకుండా ఉండేది ఆ పొర వల్లే, రంగు దానికి సులువుగా అంటుకోనిది కూడా ఆ పొర వల్లే. వాటర్ పేపర్‌తో సమంగా గరుకు చేసి, థిన్నర్‌తో జిడ్డు పూర్తిగా తుడిచి, చేతివేళ్ల ముద్ర కూడా పడకుండా వెంటనే పలచటి కోటు కొట్టాలి. ఇదంతా ఓ గంట పని. కారు కడిగే చోట, ఇంకో బండి వెనకే నిలబడి ఉంటే, ఆ గంట ఎవరూ ఇవ్వరు. గుడ్డతో ఒకసారి తుడిచి, డబ్బా ఊపి, ఒకే మందపాటి కోటు కొట్టి పంపేస్తారు. వానాకాలం మొదటి వారంలో అది లేస్తుంది. వేడికి పోయింది సార్ అంటారు.

మరో అపార్థం కూడా ఇక్కడే పుడుతుంది. సరిగ్గా వేసిన రంగు కూడా మొదటిసారి వేడెక్కినప్పుడు సన్నగా పొగలు కక్కుతుంది, ఘాటు వాసన వస్తుంది. ద్రావకాలు, రెసిన్‌లోని కొన్ని భాగాలు ఆవిరైపోయే దశ అది. పక్వానికి వస్తున్న గుర్తు. అది చూసి రంగు మాడుతోందని కంగారుపడి బండి ఆపేసేవాళ్లు, నీళ్లు పోసేవాళ్లు కూడా ఉన్నారు. నీళ్లు పోయడంతో వేడి లోహం ఒక్కసారిగా కుంచించుకుపోతుంది, సగం గట్టిపడిన పూత పగులుతుంది. ఇంకో రుజువు దొరికినట్టయింది, అదీ అబద్ధపు రుజువు.

కొస మీద రంగుకు నిజమైన శత్రువు నీరు. ఒక లీటరు పెట్రోలు మండితే దాదాపు ఒక లీటరు నీరు పుడుతుంది. పెట్రోలులోని హైడ్రోజన్ గాలిలోని ఆక్సిజన్‌తో కలవడం వల్ల వచ్చే నీరది. ఇంజిన్ బాగా వేడెక్కాక ఆవిరిగా బయటికి పోతుంది. ఉదయం స్టార్ట్ చేసి పిల్లల్ని బడి దగ్గర దింపి వచ్చేసే చిన్న ప్రయాణాల్లో మాత్రం గొట్టం వేడెక్కకముందే బండి ఆగిపోతుంది. ఆవిరి లోపలే చల్లారి నీరవుతుంది, పొగలోని ఆమ్ల లక్షణం కొంత కలుపుకుని కొస దగ్గర నిలుస్తుంది. చలికాలం పొద్దున గొట్టం నుంచి చుక్కలు కారడం అందుకే. ఈ నీరు లోపలి నుంచి లోహాన్ని తింటుంది. రంగు అంచు దగ్గర ఎక్కడ సందు దొరికితే అక్కడి నుంచి కిందికి పాకి పూతను లేపుతుంది. విశాఖ, కాకినాడ, మచిలీపట్నం లాంటి తీరప్రాంత పట్టణాల్లో బయటి నుంచి ఉప్పు గాలి కూడా తోడవుతుంది. రోజంతా హైవే మీద తిరిగే కారు గొట్టం కంటే వీధి చివరి దాకా వెళ్లొచ్చే కారు గొట్టమే ముందు పాడవుతుందంటే, వేడి ఎక్కువ తగిలినదే ఎక్కువ కాలం నిలిచిందన్నమాట. వేడే నేరస్థుడైతే ఇది ఇలా జరగడానికి వీల్లేదు.

ఇక పక్కింటాయన హెచ్చరిక, ఇంజిన్ గురించి. సిలికోన్ మాట వినగానే కాస్త తెలిసిన మెకానిక్‌లు ఒక గట్టి అభ్యంతరం చెబుతారు. సిలికోన్ ఆవిర్లు ఆక్సిజన్ సెన్సర్‌ను పాడు చేస్తాయని. ఆ మాటలో నిజం ఉంది. ఇంజిన్ దగ్గర గాస్కెట్‌కు తగని సిలికోన్ సీలెంట్ పూస్తే ఆ ఆవిర్లు సెన్సర్ మీద పూతలా పేరుకుంటాయి. కానీ సెన్సర్లు ఉండేది ఇంజిన్‌కు దగ్గరగా, క్యాటలిటిక్ కన్వర్టర్‌కు ముందూ వెనకా. పొగ ప్రవాహం ఇంజిన్ నుంచి కొసకే తప్ప కొస నుంచి ఇంజిన్‌కు ఉండదు. గొట్టం బయటి ముఖానికి వేసిన రంగు ఆవిరి అంత దూరం ఎదురీది సెన్సర్‌ను చేరుతుందనడం ఆ గొట్టం పనిచేసే తీరుకే విరుద్ధం. మైలేజీ విషయమూ అంతే. రంగు పూత మందం మైక్రాన్లలో ఉంటుంది. గొట్టం లోపలి వ్యాసం మారదు, పొగ దారికి అడ్డు పడదు. పొల్యూషన్ పరీక్షకు లోపలికి దూర్చే గొట్టానికి అడ్డం రాదు. ఆ అడ్డం వచ్చేది దుకాణాల్లో తగిలించే ఇరుకు మూతి టిప్‌లతోనే.

ఇదే కోవలో పాత కార్లు కొనేవారి అనుమానం ఒకటి ఉంది. గొట్టం నల్లగా చేశారంటే ఇంజిన్ కక్కే మసిని దాచడానికేనని. అనుమానం న్యాయమైనదే, కానీ మసిని చూసేది గొట్టం లోపల. అనుభవం ఉన్న మెకానిక్ కొస లోపలి గోడను వేలితో తుడిచి చూస్తాడు. పొడి మసా, నూనె కలిసిన జిడ్డు మసా అన్నది అక్కడే తెలుస్తుంది. రంగు వేయాల్సింది బయటి ముఖానికీ అంచుకూ మాత్రమే. లోపలి గోడను అలాగే వదిలేస్తే ఎవరికీ ఏమీ దాచినట్టు కాదు.

తర్వాతిది పెద్దవాళ్లు పెట్టే చట్టం భయం. ఈ భయం ఊరికే పుట్టలేదు. బుల్లెట్ బండ్లకు చెవులు పగిలే సైలెన్సర్లు బిగించుకుని తిరిగినవారి దగ్గర వాటిని ఊడదీయించి, పోలీసులు రోడ్డు రోలర్ కింద తొక్కించిన దృశ్యాలు దేశంలోని ఎన్నో నగరాల్లో జనం చూశారు. ఆ చర్య సరైనదే. రోగులు, పసిపిల్లలు, పరీక్షలకు చదువుకునేవారు ఉన్న వీధిలో ఆ మోత దౌర్జన్యం. అయితే ఆ కేసు రాసేది సైలెన్సర్ పనితీరును మార్చినందుకు. కేంద్ర మోటారు వాహనాల నిబంధనల్లో 120వ నిబంధన ప్రతి వాహనానికీ మోతను తగ్గించే సైలెన్సర్ ఉండి తీరాలంటుంది. శబ్ద, వాయు కాలుష్య ప్రమాణాలు మీరితే 2019 సవరణ తర్వాత 190వ సెక్షన్ కింద మూడు నెలల దాకా జైలు, 10,000 రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ పడవచ్చు. అనుమతి లేని మార్పు చేసిన యజమానికి 182ఎ సెక్షన్ కింద ఆరు నెలల దాకా జైలు గానీ, ఒక్కో మార్పుకు 5,000 రూపాయల జరిమానా గానీ, రెండూ గానీ ఉన్నాయి.

మరి రంగు ఆ మార్పుల్లోకి వస్తుందా? మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ మార్పు అంటే ఏమిటో తనే వివరించింది. వాహనం నిర్మాణంలో జరిగి, దాని మౌలిక లక్షణాన్ని మార్చేదే మార్పు. 2019 జనవరిలో కేరళ నుంచి వచ్చిన కేసులో సుప్రీంకోర్టు ఈ సెక్షన్‌ను గట్టిగా అమలు చేయాలంది. తయారీదారు ఇచ్చిన మూల వివరాలకూ రిజిస్ట్రేషన్ పత్రంలోని వివరాలకూ తేడా వచ్చేలా బండిని మార్చకూడదని తీర్పు చెప్పింది. రిజిస్ట్రేషన్ పత్రంలో ఇంజిన్ నంబరు, ఛాసిస్ నంబరు, సీట్ల సంఖ్య, ఇంధనం, బాడీ రంగు ఉంటాయి. సైలెన్సర్ కొస మెరవాలా, నల్లగా ఉండాలా అన్న గడి అందులో లేదు. నిర్మాణం మారలేదు, మోత పెరగలేదు, పొగ మారలేదు. మోత మోగించేవాడినీ, తుప్పు గోకి రంగు వేసుకునేవాడినీ ఒకే గాటన కట్టడం వల్ల మొదటివాడికే మేలు. అతని నేరం కూడా ఏదో సరదా అలంకారమన్నట్టు జనంలో పలచబడిపోతుంది.

నాలుగోది దుకాణదారు వాదన, అభిరుచిది. మెరిసే క్రోమ్ అంటే హుందా, నలుపు అంటే కుర్రకారు వేషం అని. కార్ల కంపెనీలు ఈ వాదనను ఎప్పుడో వదిలేశాయి. హుందాతనానికి కొలమానంగా జనం చెప్పుకునే రోల్స్‌రాయిస్ 2016లో బ్లాక్ బ్యాడ్జ్ శ్రేణి మొదలుపెట్టింది. ఆ శ్రేణిలో 2019లో వచ్చిన కలినన్‌లో గ్రిల్ చుట్టూ ఉండే పట్టీతో పాటు సైలెన్సర్ గొట్టాలను కూడా నల్లబరిచింది. పోర్షె కొన్నవారు అదనంగా డబ్బు చెల్లించి నల్లటి గొట్టం కొసలను ఫ్యాక్టరీలోనే వేయించుకోవచ్చు. మన దేశంలో టాటా హారియర్ డార్క్ ఎడిషన్ 2019లో వచ్చింది. హ్యుండై క్రెటా నైట్ ఎడిషన్, మారుతి నెక్సా బ్లాక్ ఎడిషన్, ఎంజీ బ్లాక్‌స్టార్మ్ ఆ తర్వాత వరుసకట్టాయి. కంపెనీ నల్లగా చేస్తే స్పెషల్ ఎడిషన్, అదే పని యజమాని చేయించుకుంటే ఆకతాయితనం అనడంలో న్యాయం లేదు.

అసలు వెగటు పుట్టించాల్సింది ఇంకొకటి ఉంది. ఆడి, మెర్సిడెస్ లాంటి పెద్ద కంపెనీలే కొన్ని మోడళ్లలో బంపర్‌కు మెరిసే గొట్టం ఆకారాలు అతికించి, అసలు గొట్టాన్ని వాటి వెనక కిందికి వంచి దాచేస్తున్నాయి. పొగ రాని ప్లాస్టిక్ మూతులు అవి. యాక్సెసరీల దుకాణంలో అమ్మే టిప్ కూడా తరచూ అదే బాపతు. అసలు గొట్టం తుప్పును కప్పి, దాని మీద స్క్రూలతో బిగించే తొడుగు. తొడుగుకీ గొట్టానికీ మధ్య సందులో నీరు, దుమ్ము నిలిచి లోపలి తుప్పు మరింత వేగంగా పాకుతుంది. స్క్రూ వదులైతే గడగడమని మోగుతుంది, ఏ స్పీడ్ బ్రేకర్ దగ్గరో రోడ్డు మీద పడుతుంది. గోకి, తుడిచి, రంగు వేయడంలో ఉన్నది అసలు లోహానికి చేసే సేవ. తొడుగు తగిలించడంలో ఉన్నది రోగాన్ని దుప్పటి కప్పి పడుకోబెట్టడం.

క్రోమ్ మెరుపుకు ఇంకో ఖరీదు కూడా ఉంది. సంప్రదాయ పద్ధతిలో క్రోమ్ పూతకు వాడే క్రోమియం ట్రైఆక్సైడ్ హెక్సావాలెంట్ క్రోమియం రకానికి చెందినది. అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ దాన్ని మనుషులకు క్యాన్సర్ కలిగించే మొదటి వర్గంలో చేర్చింది. ఐరోపా సమాఖ్యలో 2017 సెప్టెంబరు నుంచి ప్రత్యేక అనుమతి లేకుండా దాన్ని వాడటానికి వీల్లేదు. చిత్తూరు సరిహద్దుకు దగ్గర్లోని తమిళనాడు రాణిపేటలో మూతపడిన ఒక క్రోమేట్ కర్మాగారం వదిలేసిన వ్యర్థాల గుట్ట అక్కడి భూగర్భ జలాలను విషపూరితం చేసిన సంగతి తెలిసిందే. ఉన్న గొట్టాన్ని బాగు చేసుకోగలిగినప్పుడు మెరుపు కోసం మరో క్రోమ్ వస్తువు కొనమని సలహా ఇచ్చేవారు ఈ లెక్క కూడా చెప్పాలి.

రంగు అన్ని గొట్టాలకూ మందు అని దీని అర్థం కాదు. లోపలి నుంచి తుప్పు తిని చిల్లులు పడిన గొట్టాన్ని మార్చాల్సిందే. మరకలు మాత్రమే ఉన్న మంచి స్టెయిన్‌లెస్ కొసకు మెటల్ పాలిష్ చాలు. రబ్బరు పొరలా వేసి కావాలంటే ఒలిచేసుకునే స్ప్రేలు ఇక్కడ పనికిరావు. వాటి ఓర్పు వంద డిగ్రీల లోపే. పొగలోని మసిని పట్టే డీపీఎఫ్ ఫిల్టర్ ఉన్న డీజిల్ కార్లలో ఆ ఫిల్టర్‌లో పేరుకున్న మసిని కాల్చేసే సమయంలో వేడి మామూలు కంటే బాగా పెరుగుతుంది. వాటికి ఎక్కువ డిగ్రీల రంగే వాడాలి. రంగుల్లోనూ మాట్ నలుపు, వెండి రంగు నిలిచినట్టు మెరిసే ఎరుపులు, నీలాలు నిలవవు. పైన మామూలు క్లియర్ కోటు కొడితే పసుపెక్కుతుంది.

పని పద్ధతిలో రహస్యమేమీ లేదు. గొట్టం పూర్తిగా చల్లారాక మొదలుపెట్టాలి. స్ప్రే డబ్బాలోని వాయువు మండే రకం కాబట్టి వేడి గొట్టం మీద కొట్టడం ప్రమాదం కూడా. కొస విడిగా ఊడివచ్చే రకమైతే ఊడదీయడం మేలు. రాకపోతే బంపర్‌ను పేపరు, మాస్కింగ్ టేపుతో కప్పి, గొట్టం లోపల గుడ్డ కుక్కాలి, పని అయ్యాక ఆ గుడ్డ మరవకుండా తీయాలి. సబ్బు నీళ్లతో మసి కడిగి, తుప్పు ఉన్నచోట వైర్ బ్రష్ పట్టి, 220 తర్వాత 400 నంబరు వాటర్ పేపర్‌తో మెరుపంతా పోయేదాకా రుద్దాలి. థిన్నర్‌తో తుడిచి, జానెడు దూరం నుంచి పలచటి కోట్లు మూడు, మధ్యలో పది నిమిషాల విరామంతో కొట్టాలి. ఆరాక వేడిపెట్టాలి. విడదీసిన కొసను పౌడర్ కోటింగ్ చేసే షాపుల ఓవెన్‌లో మొదటి రెండు దశలు సులువుగా కానివ్వవచ్చు. విజయవాడ ఆటోనగర్, హైదరాబాద్ బాలానగర్ లాంటి పారిశ్రామిక వాడల్లో అలాంటి ఓవెన్లకు కొదవ లేదు. చివరి దశకు హీట్ గన్ పనికొస్తుంది. బండికే ఉంచి చేస్తే ఇంజిన్‌ను కాసేపు నడిపి, చల్లార్చి, మళ్లీ ఇంకాస్త ఎక్కువసేపు నడపాలి, కొసకు అందని మిగతా వేడిని హీట్ గన్‌తోనే ఇవ్వాలి. ఇది ఆరుబయటే చేయాలి. మూసిన గ్యారేజీలో ఇంజిన్ నడిపితే పేరుకునే కార్బన్ మోనాక్సైడ్‌కు రంగూ వాసనా ఉండవు, ప్రాణం తీస్తుంది. వేడి తక్కువ అందే కొసలకు గాలికే గట్టిపడే మూడొందల డిగ్రీల రకం రంగు ఎంచుకోవడం ఇంకా తెలివైన పని. ఎక్కువ డిగ్రీల డబ్బా ఎప్పుడూ మంచిదే అన్నది కూడా వదిలించుకోవాల్సిన భ్రమే.

గొట్టం కొస నల్లబరుచుకోవాలా వద్దా అన్నది యజమాని ఇష్టం. ఇష్టం లేనివాళ్లు మానేయవచ్చు. చేయించుకోదలచినవాళ్లు మాత్రం ఆ వేడికి నిలవదన్న మాటకు వెనక్కు తగ్గవద్దు. పని ఒప్పజెప్పే ముందు పెయింటర్‌ను మూడే ప్రశ్నలు అడగండి: వాడే రంగు ఎన్ని డిగ్రీలది, పాత మెరుపును ఎలా గరుకు చేస్తారు, వేసిన రంగును ఎలా వేడిపెడతారు. ఈ మూడింటికీ సూటిగా జవాబు చెప్పేవాడికి బండి తాళం ఇవ్వండి. చెప్పలేనివాడి దగ్గరి నుంచి బండి వెనక్కు తీసుకురండి.